వీధి మలుపులో కొట్టు: పేట వ్యాపారం, నివాసుల మాట

ఇంట్లో ఉప్పు నిండుకుంటే చెప్పులేసుకుని వెళ్లి తెచ్చుకోగలిగినంత దూరంలో ఉండే కిరాణా కొట్టు, పాల బూత్, మందుల షాపు, ఇస్త్రీ బండి, టైలరు, టిఫిన్ సెంటరు, కూరగాయల అంగడి... వీటన్నిటినీ కలిపి పేట స్థాయి చిల్లర వ్యాపారం అంటారు. షాపింగ్ మాల్, హోల్‌సేల్ మార్కెట్ దీని కిందికి రావు. ఈ కొట్లు ఏ వీధిలో ఉండాలి, ఎంత పెద్దవి కావచ్చు, రాత్రి ఎప్పటిదాకా తెరిచి ఉంచవచ్చు, తోపుడు బండ్లకు చోటెక్కడ అనే నిర్ణయాల్లో అక్కడ కాపురం ఉంటున్నవాళ్ల మాట చెల్లాలన్న ఆలోచన నగర ప్రణాళికలోకి చాలా ఆలస్యంగా వచ్చింది. 1970ల నుంచి కొన్ని దేశాలు దాన్ని చట్టాల్లోకి ఎక్కించాయి. భారతదేశంలో ఆ పని ఇంకా సగంలోనే ఉంది.

ఏ దేశపు అనుభవం తీసుకున్నా రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. జనాన్ని ఎప్పుడు అడుగుతారు? ఎవరిని అడుగుతారు? గోడ లేవకముందు అడిగితే అది అభిప్రాయం. షట్టరు బిగించి, బోర్డు పెట్టి, వ్యాపారం మొదలయ్యాక మిగిలేది ఫిర్యాదు మాత్రమే. మన నగరాల్లో కాలనీకీ కొట్లకూ మధ్య నడిచే తగాదాల్లో చాలా భాగం ఈ ఆలస్యం వల్ల వచ్చినవే.

పేట అంటేనే అంగడి

తెలుగులో పేట అనే మాటకే వర్తకులుండే చోటు, కోటకో పెద్ద ఊరికో ఆనుకుని పెరిగిన బజారు అనే అర్థం ఉంది. సూర్యాపేట, నరసరావుపేట, చిలకలూరిపేట మొదలుకుని హైదరాబాద్‌లోని అమీర్‌పేట, బేగంపేట దాకా ఆ మాట ఊళ్ల పేర్లలో స్థిరపడిపోయింది. పాత ఊళ్లలో ఇల్లూ కొట్టూ ఒకే గోడను పంచుకునేవి. వీధి వైపు వ్యాపారం, లోపల కాపురం. హైదరాబాద్‌లో మల్గీలన్నా, తెలంగాణ జిల్లాల్లో మడిగెలన్నా ఈ వీధి వైపు గదులే. ఎవరు ఏం అమ్మాలో, బండి ఏ చెట్టు కింద ఆగాలో వాడుకే తేల్చేది. ఆ వాడుకలో కులం, పలుకుబడి తమ వాటా తాము తీసుకునేవన్నది మరచిపోకూడదు. అందరి మాటా సమానంగా చెల్లిన స్వర్ణయుగమేదీ వెనక లేదు.

ఇల్లు ఒకచోట, అంగడి మరోచోట అనే విభజన ఇరవయ్యో శతాబ్దపు ప్రణాళికల్లో గట్టిపడింది. 1929లో అమెరికన్ ప్రణాళికాకర్త క్లారెన్స్ పెర్రీ ఆదర్శ నివాస ప్రాంతానికి ఒక నమూనా గీశాడు. బడి నడిమధ్యన, కొట్లు అంచున పెద్ద రోడ్లు కలిసే మూలల్లో. ఆ నమూనా ప్రపంచమంతా తిరిగింది. ఢిల్లీ మాస్టర్ ప్లాన్-2021లోనూ అలాంటి లెక్కే కనిపిస్తుంది. అయిదు వేల మందికి ఒక చిన్న షాపింగ్ సెంటరు, పది వేల మందికి ఒక స్థానిక కేంద్రం, లక్ష మందికి ఒక కమ్యూనిటీ సెంటరు, అయిదు లక్షల మందికి ఒక జిల్లా కేంద్రం. జనాభాను భాగించి కొట్లను పంచే ఈ పద్ధతిలో జనాన్ని లెక్కపెట్టారే గానీ, వాళ్లకు ఏం కావాలో అడగలేదు.

దీనికి ఎదురు నిలిచిన గొంతు రచయిత్రి జేన్ జేకబ్స్‌ది. 1961లో అమెరికా మహానగరాల మీద రాసిన పుస్తకంలో ఆమె తాను ఉంటున్న న్యూయార్క్ వీధిని కళ్లకు కట్టింది. అక్కడివాళ్లు ఊరికెళ్తూ, చుట్టాలకు ఇవ్వమని, తాళంచెవి కొట్టు యజమాని దగ్గర వదిలి వెళ్లేవారు. వీధిని కనిపెట్టుకుని ఉండే కళ్లలో కొట్టువాళ్లవి ముఖ్యమైనవని ఆమె వాదన. విజయవాడ సత్యనారాయణపురంలోనో సికింద్రాబాద్ సీతాఫల్‌మండిలోనో పెరిగినవాళ్లకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. కొట్లో ఖాతా పుస్తకం ఉంటుంది, పిల్లాడు బడి నుంచి వస్తే కొట్టాయన ఓ కంట చూస్తుంటాడు, కొరియరు వస్తే ఆయనే తీసి పెడతాడు. ఇవేవీ ఏ ప్లాన్ పటంలోనూ కనపడవు. అక్కడ ఉండేవాళ్లు చెబితేనే తెలుస్తాయి.

వారపు అంగడి: ఒక రోడ్డు, రెండు మాటలు

నివాసుల మాట అనేది ఒకటే మాట కాదని తెలియాలంటే హైదరాబాద్ కాలనీల్లో వారానికోసారి పడే అంగడిని చూడాలి. సోమవారం ఒక కాలనీలో, మంగళవారం మరో కాలనీలో, ఇలా వారమంతా ఈ అంగడి నగరం చుట్టూ తిరుగుతుంటుంది. మధ్యాహ్నం మూడు దాటాక ట్రాలీ ఆటోలు వచ్చి ఆగుతాయి. టార్పాలిన్ పరుస్తారు, గోనెసంచులు విప్పుతారు, కొలతగా కట్టిన పాలకూర, గోంగూర, చుక్కకూర కట్టలు నీళ్లు చల్లి పేరుస్తారు. చీకటి పడేసరికి బ్యాటరీలకు తగిలించిన ఎల్‌ఈడీ బల్బులు వెలుగుతాయి. ఆఫీసుల నుంచి వచ్చినవాళ్లు బ్యాగులు భుజాన ఉండగానే బేరాలు మొదలుపెడతారు. కిలో టమాటా తూచాక పైన వేసే రెండు కాయలు, చేతిలో పెట్టే కరివేపాకు రెమ్మ కొసరు కింద వస్తాయి. తొమ్మిదింటికి అంగడి ఎత్తేస్తారు. రోడ్డు మీద క్యాబేజీ ఆకులు, పగిలిన టమాటాలు మిగులుతాయి. తెల్లారేసరికి ఆవులు అక్కడే ఉంటాయి.

ఆ రోడ్డులో ఇల్లున్న పెద్దాయనకు ఆ సాయంత్రం కారు బయటికి తీసే దారి ఉండదు. ఒంట్లో బాగోలేనివాళ్లు ఇంట్లో ఉంటే అంబులెన్సు ఎలా వస్తుందన్న బెంగ నిజమైనది. రెండు వీధుల అవతల అద్దెకుండే ఇల్లాలికి అదే అంగడి వారానికి సరిపడా కూరలను అందుబాటు ధరకు ఇస్తుంది, నడిచి వెళ్లి తెచ్చుకోవచ్చు. పెద్దాయన కాలనీ సంక్షేమ సంఘంలో సభ్యుడు, మున్సిపాలిటీకి అర్జీ రాయగలడు. ఆవిడ సంఘంలో సభ్యురాలు కాదు, ఏడాదికో రెండేళ్లకో ఇల్లు మారుతుంది, అంగడి కావాలని అర్జీ పెట్టాలన్న ఆలోచనే ఆవిడకు రాదు. అందువల్ల అధికారుల బల్ల మీదికి చేరే నివాసుల అభిప్రాయం ఎప్పుడూ ఒక పక్కదే అవుతుంది. అంగడిని వంద గజాలు అవతలికి జరిపి, ఒక పక్కే కూర్చోమని, చెత్త ఎత్తే పని అమ్మేవాళ్లకే అప్పగిస్తే చాలావరకు తీరే తగాదా ఇది. ఆ మాట మాట్లాడుకోవడానికి ఇద్దరినీ కూర్చోబెట్టే చోటు కావాలి.

భారత చట్టంలో ఆ చోటు

అలాంటి చోటు కాగితం మీద ఉంది. 1989లో సోదన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు వీధి వ్యాపారాన్ని రాజ్యాంగం 19వ అధికరణ ఇచ్చిన వృత్తి స్వేచ్ఛలో భాగంగా గుర్తించింది, సముచితమైన ఆంక్షలకు లోబడి. 2004లో, 2009లో జాతీయ విధానాలు వచ్చాయి. చివరికి పార్లమెంటు చేసిన వీధి వ్యాపారుల చట్టం 2014 మే 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని గుండెకాయ టౌన్ వెండింగ్ కమిటీ. మున్సిపల్ కమిషనర్ అధ్యక్షుడు. సభ్యుల్లో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులు, అదీ తమలో తాము ఎన్నుకున్నవాళ్లు, అందులో మూడో వంతు మహిళలు. ట్రాఫిక్ పోలీసు, ప్రణాళికా విభాగం, వైద్యాధికారి, వర్తక సంఘాలు, స్వచ్ఛంద సంస్థలతో పాటు నివాసుల సంక్షేమ సంఘాలకూ అందులో కుర్చీ ఉంది. పేటలో అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలని దేశవ్యాప్తంగా రాసిపెట్టిన చట్టం ఇది.

అందులోని మరో రెండు సంగతులు కాలనీవాసులకు అంతగా తెలియవు. అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఎప్పటినుంచో తమంతట తాము చేరుకునే చోటును చట్టం సహజ మార్కెట్ అంటుంది, ప్రణాళిక వేసేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోమంటుంది. అలాంటి మార్కెట్‌కు యాభై ఏళ్లు దాటితే వారసత్వ మార్కెట్‌గా ప్రకటించాలి, అక్కడి వ్యాపారులను తరలించకూడదు. అయిదేళ్లకోసారి సర్వే చేయాలి, మొదటి సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. చాలా నగరాల్లో సర్వేలు, కమిటీ ఎన్నికలు ఏళ్ల తరబడి వెనకబడ్డాయి. కమిటీయే సమావేశం కాని ఊళ్లో ఆ కుర్చీ ఎవరిదైనా ఒకటే.

పక్కా కొట్ల సంగతి వేరు, అక్కడ నివాసి పాత్ర ఇంకా సన్నగిల్లుతుంది. నివాస ప్రాంతాన్ని వాణిజ్య ప్రాంతంగా మార్చాలంటే పత్రికలో ప్రకటన వేసి అభ్యంతరాలు పిలుస్తారు. ఆ ప్రకటనలో సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు ఉంటాయి. తన వీధి చివరి ఖాళీ జాగా గురించే ఆ ప్రకటన అని గుర్తుపట్టగలిగేది రియల్ ఎస్టేట్ తెలిసినవాళ్లే. ఇక వాణిజ్యానికి ముందే అనుమతి ఉన్న రోడ్డయితే ఆ ఘట్టం కూడా ఉండదు. తెలంగాణ 2020లో తెచ్చిన టీఎస్ బీపాస్ విధానం భవన అనుమతులకు 21 రోజుల గడువు పెట్టింది. లంచాల మాట తగ్గించడానికి ఆ వేగం అవసరమే. కానీ ఆ ఇరవయ్యొక్క రోజుల్లో పక్కింటివాళ్లను అడగడానికంటూ ఒక్క రోజూ పెట్టలేదు.

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ మూడు లక్షల జనాభా దాటిన పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలంది. తెలంగాణ మున్సిపాలిటీల చట్టం 2019లో ఇంకో అడుగు వేసి, వార్డుకు నాలుగు కమిటీలు పెట్టింది: యువకులది, మహిళలది, వయోవృద్ధులది, ప్రముఖులది. ఒక్కోదాంట్లో పదిహేను మంది. ఇది మంచి ఎముకల గూడు. చెత్త, మొక్కలు, వీధి దీపాలతో పాటు వార్డులో కొట్లు ఎక్కడ రావాలన్నది కూడా వాటి ముందుకు తెస్తే ఆ గూటికి కండ పడుతుంది.

రైతు బజార్లను ఇక్కడే చెప్పుకోవాలి. 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇవి మొదలయ్యాయి. అంతకు ముందే పంజాబ్‌లో అప్నీ మండీలు ఉన్నాయి, అదే ఏడాది నవంబరులో తమిళనాడు ఉళవర్ సందైలు తెరిచింది. గుర్తింపు కార్డున్న రైతులు దళారి లేకుండా అమ్ముకోవడం, పొద్దున్నే ఆనాటి ధరలు బోర్డు మీద రాయడం, ఊళ్ల నుంచి కూరగాయలు తేవడానికి ఆర్టీసీ బస్సులు నడపడం దీని కొత్తదనం. మెహిదీపట్నం, ఎర్రగడ్డ, కూకట్‌పల్లి, వనస్థలిపురం బజార్లు ఆ ప్రాంతాల రోజువారీ బతుకులో కలిసిపోయాయి. స్థలాలను ఎంచింది అధికారులే, జనం కాదు. అయినా ఇవి నిలబడడానికి కారణం, రోజూ కొనేవాళ్ల అవసరాన్ని సరిగ్గా అంచనా వేయడం. గేటు బయట వెంటనే వెలసిన పూల బుట్టలు, గిన్నెల బండ్లు, మిర్చి బజ్జీల పొయ్యిలు మాత్రం ఎవరి అంచనాలోనూ లేవు. ప్రభుత్వం కట్టిన మార్కెట్ చుట్టూ జనం కట్టుకున్న మార్కెట్ అది.

ఢిల్లీలో తాళాలు పడ్డ ఏడాది

ముందు అడగకపోతే ఏమవుతుందో చెప్పడానికి 2006 ఢిల్లీని మించిన ఉదాహరణ లేదు. దశాబ్దాలుగా ఇళ్ల కింది అంతస్తుల్లో షోరూములు, కొట్లు, ఆఫీసులు పెరిగాయి. పటంలో నివాస ప్రాంతం, వీధిలో బజారు. కొన్ని కాలనీల సంఘాలు పార్కింగ్, జనరేటర్ల మోత, నీటి కొరత గురించి మొత్తుకుంటూనే ఉన్నాయి. 2006 ఫిబ్రవరి 16న ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు అక్రమ వాణిజ్య కట్టడాలకు సీలు వేయమంది. మార్చి చివర్లో తాళాలు పడడం మొదలైంది. వర్తకులు బందులు చేశారు, వీధుల్లోకి వచ్చారు. అదే వీధిలో కొందరు ఊపిరి పీల్చుకుంటే, రోజూ అక్కడ సరుకు కొనేవాళ్లు ఎక్కడికి పోవాలో తెలియక నిలబడ్డారు.

2007 ఫిబ్రవరి 7న నోటిఫై అయిన మాస్టర్ ప్లాన్-2021 ఒక మధ్యేమార్గం తెచ్చింది. ఇల్లూ వ్యాపారమూ కలిసి ఉండగల మిశ్రమ వీధులను గుర్తించడం, ఆ గుర్తింపులో కాలనీ సంఘాలను సంప్రదించడం అందులో చోటు చేసుకున్నాయి. ఇరవై చదరపు మీటర్లు మించని చిన్న కొట్లను ఇళ్ల కింది అంతస్తులో అనుమతించిన తీరు మరీ మెచ్చదగ్గది. కూరగాయలు, కిరాణా, పాలు, పిండిమర, మంగలి షాపు, ఇస్త్రీ, దర్జీ పని, కుర్చీలు లేని టీ కొట్టు... ఆ జాబితా చదివితే ఎవరో గల్లీలో నడిచి, ఏది లేకపోతే ఇల్లు గడవదో చూసి రాసినట్టుంటుంది. తాళాలు పడితే గానీ ఆ జాబితా తయారు కాలేదు.

ఆ రోజుల్లోనే మరో గొడవ నడిచింది. 2006 నవంబరులో రిలయన్స్ ఫ్రెష్ తొలి దుకాణాలు హైదరాబాద్‌లో తెరుచుకున్నాయి. 2007లో రాంచీలో చిల్లర వర్తకులు ఆ దుకాణాల మీద దాడి చేశారు, ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం తమ రాష్ట్రంలో వాటిని మూయించింది. 2012లో చిల్లర వ్యాపారంలోకి విదేశీ పెట్టుబడులను అనుమతించినప్పుడు పార్లమెంటు అట్టుడికింది. కంపెనీ ఒకవైపు, వర్తకుడు ఒకవైపు, పార్టీలు రెండువైపులా మాట్లాడాయి. ఆ వీధిలో ఉండి సరుకు కొనుక్కునే మనిషిని ఎవరూ పిలవలేదు.

యాభై నాలుగు భోజనాలు

అడగడం అనేది ఓపిక కావాల్సిన పని. ఇండొనేషియాలోని సోలో నగరంలో బంజర్‌సరి పార్కు నిండా పాత సామాన్లు అమ్మే బళ్లుండేవి. పార్కు తమకు తిరిగి కావాలని చుట్టుపక్కలవాళ్లు, పొట్ట కొట్టవద్దని వ్యాపారులు. అంతకు ముందు ఖాళీ చేయించబోతే బెదిరింపుల దాకా వెళ్లింది. 2005లో మేయరైన జోకో విడోడో వ్యాపారుల ప్రతినిధులను తన ఇంటికి భోజనానికి పిలిచాడు. మొదటి భోజనంలో తరలింపు ఊసే ఎత్తలేదు. రెండోసారీ అంతే. అలా 54 సార్లు పిలిచాడు. చివరికి కొత్త మార్కెట్‌కు సిటీ బస్సు రావాలి, కొట్టు ఉచితంగా ఇవ్వాలి, ప్రచారం చేయాలి అన్న వాళ్ల షరతులన్నీ విన్నాక 2006 జులైలో దాదాపు వెయ్యి మంది వ్యాపారులు సంప్రదాయ వేషాల్లో, మేళతాళాలతో ఊరేగింపుగా క్లిథికన్ మార్కెట్‌కు తరలివెళ్లారు. లాఠీ లేవలేదు. తర్వాత ఆయన దేశాధ్యక్షుడయ్యాడు. నగర పాలకులకు ఈ కథ చెప్పేటప్పుడు ఊరేగింపు గురించి చెబుతారు గానీ, అసలు పని జరిగింది ఆ భోజనాల దగ్గర.

జపాన్: వర్తకుడి చేతి నుంచి నివాసి చేతికి

ఈ విషయంలో చదవదగ్గ చరిత్ర జపాన్‌ది. డిపార్ట్‌మెంట్ స్టోర్లు, సూపర్‌మార్కెట్లు వీధి కొట్లను మింగేస్తాయన్న భయంతో 1973లో అక్కడ పెద్ద దుకాణాల చట్టం చేశారు. పెద్ద దుకాణం పెట్టాలంటే స్థానిక సర్దుబాటు మండలి ముందుకు రావాలి. అందులో వర్తకులు, వినియోగదారులు, పండితులు ఉంటారు. 1970ల చివర్లో చట్టాన్ని సవరించి 500 చదరపు మీటర్ల దుకాణాల దాకా దించారు. ఆచరణలో పెత్తనం స్థానిక వర్తకుల చేతికి వెళ్లింది. కొన్ని దుకాణాలకు అనుమతి రావడానికి పదేళ్లు పట్టింది. కొనే గృహిణికి మండలిలో కుర్చీ ఉన్నా, గొంతు వర్తకుడిదే.

1989-90 నాటి వాణిజ్య చర్చల్లో అమెరికా ఈ చట్టాన్ని గట్టిగా తప్పుబట్టింది. ఆ తర్వాత గడువులు కుదించారు. 1991 డిసెంబరులో అమెరికన్ బొమ్మల కంపెనీ టాయ్స్ ఆర్ అస్ జపాన్‌లో తొలి దుకాణం తెరిచింది. మరుసటి నెలలో రెండోదాని దగ్గరికి అమెరికా అధ్యక్షుడు సీనియర్ బుష్ స్వయంగా వెళ్లారు. ఒక బొమ్మల కొట్టు రెండు దేశాల సంబంధాల్లో అంత పెద్దదైంది.

2000 జూన్‌లో పాత చట్టం పోయి కొత్త చట్టం వచ్చింది. ఇందులోని మార్పు లోతైనది. పక్క కొట్టుకు గిరాకీ తగ్గుతుందన్న కారణంతో పెద్ద దుకాణాన్ని ఆపడానికి లేదు. ట్రాఫిక్, పార్కింగ్, రాత్రివేళ చప్పుడు, చెత్త, అంటే చుట్టుపక్కల బతుకు మీద పడే భారమే లెక్కలోకి వస్తుంది. వెయ్యి చదరపు మీటర్లు దాటిన దుకాణం పెట్టేవాళ్లు రెండు నెలల్లోగా స్థానికులకు సభ పెట్టి వివరించాలి. నాలుగు నెలల్లోగా ఎవరైనా రాతపూర్వకంగా అభిప్రాయం ఇవ్వచ్చు. ట్రక్కులు ఏ గేటు నుంచి వస్తాయి, ఏసీ యూనిట్లు ఏ గోడ వైపు పెడతారు, కార్లు ఎటు తిరుగుతాయి అన్న ప్రశ్నలకు అంకెలతో జవాబు చెప్పాలి.

అంత చేసినా పట్నం నడిబొడ్డు కొట్ల వీధులు మూతపడుతూనే వచ్చాయి. మూసిన షట్టర్ల వీధి అనే మాట జపనీస్‌లో వాడుకలోకొచ్చింది. ఊరి బయట మాల్ దగ్గర రభస ఉండదు కాబట్టి అక్కడివాళ్లు అభ్యంతరం చెప్పరు, నష్టపోయేది పట్నం మధ్యలో కారు నడపలేని ముసలివాళ్లు, వాళ్లు ఆ సభకు రారు. దీన్ని గ్రహించి 2006లో నగర ప్రణాళికా చట్టాన్ని సవరించి పది వేల చదరపు మీటర్లు దాటిన కట్టడాలను చాలా ప్రాంతాల్లో నియంత్రించారు. చుట్టుపక్కల అంటే ఎంత దూరం అన్న ప్రశ్నకు ఏ దేశంలోనూ సులువైన జవాబు దొరకలేదు.

వాలెన్సియా వీధి, ఇంగిల్‌వుడ్ ఓటు

శాన్‌ఫ్రాన్సిస్కో 2004లో గొలుసు దుకాణాలకు ఒక నిర్వచనం రాసుకుంది. పదకొండుకు మించి శాఖలుండి, సరుకు, ముఖద్వారం, అలంకరణ, యూనిఫాం, బోర్డు, ట్రేడ్‌మార్కుల్లో కనీసం రెండు అన్నిచోట్లా ఒకేలా ఉంటే అది గొలుసు దుకాణం. 2006 నవంబరులో ఓటర్లు ఆమోదించిన ప్రతిపాదన-జి ప్రకారం, పేట వ్యాపార వీధుల్లో అలాంటి దుకాణం రావాలంటే ఇరుగుపొరుగుకు నోటీసు ఇచ్చి, ప్రణాళికా సంఘం బహిరంగ విచారణ జరపాలి. హేస్ వ్యాలీ, నార్త్‌బీచ్ లాంటి చోట్ల అసలు నిషేధించారు.

2009 ఫిబ్రవరిలో ఆ నగరంలోని వాలెన్సియా వీధిలో అమెరికన్ అపారెల్ దుకాణం విచారణకు వచ్చింది. ఆ వీధి పాత బట్టల కొట్లకు, పుస్తకాల షాపులకు పేరు మోసింది. వందల మంది విచారణకు తరలివచ్చారు, ఒకరి తర్వాత ఒకరు మైకు ముందు నిలబడ్డారు. దుకాణం పేరు మీదో బట్టల మీదో కోపం కాదు, ఒకటి వస్తే అద్దెలు పెరుగుతాయని, వెనకే ఇంకో పది వస్తాయని భయం. సంఘం అనుమతి నిరాకరించింది. ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. ఖాళీ షట్టరు కన్నా గొలుసు దుకాణం మేలు కదా అన్నది వాళ్ల మాట, అందులోనూ న్యాయం ఉంది. ఇద్దరూ చెప్పింది రికార్డుకెక్కింది.

ఓటు అడిగినంత మాత్రాన జనం మాట విన్నట్టు కాదు. లాస్ ఏంజెలెస్ పక్కనున్న ఇంగిల్‌వుడ్‌లో వాల్‌మార్ట్ అరవై ఎకరాల్లో సూపర్‌సెంటర్ పెట్టాలనుకుంది. నగర మండలి ఒప్పుకోకపోతే సంతకాలు సేకరించి ప్రజల ఓటుకు పెట్టింది. డెబ్బయ్యొక్క పేజీల ఆ ప్రతిపాదన నెగ్గితే పర్యావరణ పరిశీలన, బహిరంగ విచారణ రెండూ లేకుండానే కట్టుకోవచ్చు. ఒక్కసారి అడిగి, ఆ తర్వాత ఇక అడగక్కర్లేకుండా చేసుకునే ఎత్తు అది. 2004 ఏప్రిల్ 6న పదిమందిలో ఆరుగురు కాదన్నారు. ఉద్యోగాలు కావాల్సిన పేద ఊరే అయినా, తమను పక్కన పెట్టే పద్ధతి వాళ్లకు నచ్చలేదు.

నివాసులంటే కొట్లను అడ్డుకునేవాళ్లు అన్న అపోహను న్యూజెర్సీలోని న్యూవార్క్ చెరిపేస్తుంది. 1967 అల్లర్ల తర్వాత సెంట్రల్ వార్డులో పెద్ద కిరాణా దుకాణమే లేకుండా పోయింది. అక్కడి స్థానిక సంస్థ న్యూ కమ్యూనిటీ కార్పొరేషన్ ఏళ్ల తరబడి పట్టుబట్టి, తానూ వాటాదారుగా చేరి 1990లో పాత్‌మార్క్ సూపర్‌మార్కెట్ తెప్పించుకుంది.

ఇంగ్లండ్: పేట రాసుకున్న ప్లాన్

2011 నాటి స్థానికత చట్టం ఇంగ్లండ్‌లో పేటకే ప్లాన్ రాసుకునే హక్కు ఇచ్చింది. పంచాయతీ లాంటి పారిష్ ఉంటే అది రాస్తుంది, లేకపోతే కనీసం ఇరవయ్యొక్క మందితో వేదిక ఏర్పడాలి. పరిశీలన తర్వాత ఓటు పెడతారు, సగానికి పైగా ఔనంటే అది చట్టబద్ధమైన ప్లాన్. 2013 మార్చిలో అప్పర్ ఈడెన్ లోయవాసులు మొదటిదాన్ని నెగ్గించారు. 2015లో సెంట్రల్ మిల్టన్‌కీన్స్‌లో నివాసులకు ఒక ఓటు, వ్యాపారులకు వేరే ఓటు పెట్టారు. రెండూ నెగ్గాయి. కాపురానికీ వ్యాపారానికీ వేర్వేరు పెట్టెలు పెట్టి రెండిటినీ లెక్కించిన ఈ పద్ధతి మన వార్డులకు బాగా పనికొస్తుంది.

లండన్ తూర్పున అప్టన్ పార్క్‌లోని క్వీన్స్ మార్కెట్‌ది మరో దారి. బెండకాయ, పనసకాయ, చేపలు, చీరలు దొరికే ఆ మార్కెట్‌ను కూల్చి సూపర్‌మార్కెట్, ఇళ్ల టవరు కట్టాలన్న పథకాన్ని కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ కలిసి ఏళ్ల తరబడి ప్రతిఘటించారు. రావాల్సిన సూపర్‌మార్కెట్ 2006లో తప్పుకుంది, 2009లో లండన్ మేయర్ పథకాన్ని తిరస్కరించాలని ఆదేశించారు. 

ఇచ్చిన హక్కు ఇంకో చట్టంతో పల్చబడవచ్చు. 2020 సెప్టెంబరు 1 నుంచి ఇంగ్లండ్‌లో కొట్టు, రెస్టారెంటు, ఆఫీసు, క్లినిక్, జిమ్ అన్నీ ఒకే తరగతి కిందికి వచ్చాయి. ఒకదాన్ని ఇంకోటిగా మార్చడానికి ప్రణాళికా అనుమతి అక్కర్లేదు, అంటే నోటీసు లేదు, అభ్యంతరం చెప్పే సందర్భం లేదు. పేట రాసుకున్న ప్లాన్‌లో రొట్టెల కొట్టు ఉండాలని రాసినా దాన్ని ఆఫీసు కాకుండా ఆపలేరు.

ఎవరి మాట, ఎలా

1969లో విధాన విశ్లేషకురాలు షెర్రీ ఆర్న్‌స్టైన్ ప్రజల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించింది. కింది మెట్లలో జనాన్ని మభ్యపెట్టడమే, మధ్యలో సమాచారం ఇవ్వడం, సంప్రదించడం, పైన భాగస్వామ్యం, అధికారం. మన సభలు ఎక్కువగా మధ్య మెట్ల మీదే ఆగిపోతాయి. ఫ్లెక్సీ కట్టి, కుర్చీలు వేసి, అధికారి మాట్లాడి, టీ ఇచ్చి పంపిస్తారు. పని దినం పొద్దున పదకొండింటికి పెట్టిన సభకు రాగలిగేది రిటైరైనవాళ్లు. అదే ఆదివారం సాయంత్రం, రైతు బజారు గేటు దగ్గర ఒక బల్ల వేసి, ప్రాంతం పటం పరిచి, ఏ కొట్టు ఎక్కడుంటే మీకు నడక తగ్గుతుందో వేలు పెట్టి చూపించండి అంటే పనిమనిషి నుంచి కాలేజీ పిల్ల దాకా చూపిస్తారు. తెలుగులో, ఉర్దూలో, సర్వే నంబరు బదులు వీధి గుర్తులతో రాసిన నోటీసును ఆ జాగా గోడకే అంటించడం పెద్ద ఖర్చు కాదు.

తలుపు లేని కొట్లు

ఇప్పుడు ఈ చర్చ కొత్త చోటికి చేరింది. నిమిషాల్లో సరుకు తెచ్చే కంపెనీలు పేటల్లోనే డార్క్ స్టోర్లు పెడుతున్నాయి. కొనేవాళ్లు లోపలికి వెళ్లే కొట్టు కాదది. సగం దించిన షట్టరు, లోపల వరసల మధ్య బుట్టలతో పరుగెత్తే పిల్లలు, బయట ఫుట్‌పాత్ మీద ఫోన్లు చూసుకుంటూ ఆర్డరు కోసం ఆగిన బైకులు. ఇరుగుపొరుగుకు రాత్రి పదకొండు దాకా హారన్లు. ఆ వీధి కిరాణా కొట్టాయన గిరాకీ ఫోన్లోకి వెళ్లిపోతుంది. ఆ బైకుల మీదున్న కుర్రాళ్లకు నీడ, నీళ్లు, మరుగుదొడ్డి లేవన్నది ఎవరి ఫిర్యాదులోనూ కనిపించదు.

ఆమ్‌స్టర్‌డామ్ 2022 జనవరిలో కొత్త డార్క్ స్టోర్లను కొంతకాలం ఆపింది, రాటర్‌డామ్ కూడా అదే చేసింది. పారిస్‌లో తగాదా కోర్టుకెక్కింది. ఇవి దుకాణాలా, గోదాములా? దుకాణాలైతే ఉన్నచోట ఉండచ్చు, గోదాములైతే నగర ప్లాన్ నియమాలకు తలవంచాలి. 2023 మార్చిలో ఫ్రాన్స్ అత్యున్నత పాలనా న్యాయస్థానం ఇవి గోదాములేనని తేల్చింది. ఇళ్ల కింద వాటిని ఉంచాలా వద్దా అన్న మాట చెప్పే వీలు మళ్లీ నగరం చేతికి వచ్చింది. హైదరాబాద్, విజయవాడ, విశాఖ కాలనీల్లో అవే షట్టర్లు, అవే బైకులు. టౌన్ వెండింగ్ కమిటీ పరిధిలోకి అవి రావు, ఎందుకంటే అక్కడ వీధి మీద ఎవరూ ఏమీ అమ్మడం లేదు.